పాచి, గార, రక్తం: పళ్ళు తోముకోవడానికి మనకు భయం ఎలా పట్టుకుంది?



ఈసారి ఓడరేవుల గురించీ రైళ్ళ గురించీ కాదు, మన నోటి గురించి రాస్తున్నాను. నవ్వకండి. అరవై దాటిన మనవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈమధ్య నాతో ఒకే మాట అంటున్నారు: "బ్రష్ పెడితే చిగుళ్ళలోంచి రక్తం వస్తోందండీ. ఉన్న పళ్ళు కూడా ఊడిపోతాయేమోనని మానేశాను. వేలితో అలా రుద్దుకుని పుక్కిలిస్తున్నాను." ఒక పెద్దావిడ అయితే రెండేళ్ళుగా పప్పన్నం, గంజి తప్ప ఏమీ తినడం లేదు. మనవడి పెళ్ళిలో గారె ముక్క కూడా నోట పెట్టలేదు.

నేను డాక్టర్ని కాను. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. కానీ ఏ భయం వెనకైనా ఒక చరిత్ర ఉంటుందని నమ్ముతాను. పళ్ళు తోముకోవడంలో మనవాళ్ళు ఎప్పుడూ బద్ధకస్తులు కారు. పొద్దున్నే ముఖం కడగనిదే మంచినీళ్ళు కూడా ముట్టని జాతి మనది. మరి చిగుళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? నాకు తెలిసినంతలో వరసగా చెబుతాను.

మన భాషకు ముందే తెలుసు

పళ్ళ మీద రాత్రికి రాత్రి చేరే జిగురును మనం పాచి అంటాం. చెరువు మెట్ల మీద, తడి గోడల మీద పట్టేదీ పాచే. రెండింటికీ ఒకే పేరు పెట్టిన మన పూర్వులు ఎంత సరిగ్గా చూశారో తర్వాత తెలిసింది. 1683లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పళ్ళ సందుల్లోని తెల్లటి పదార్థాన్ని, తను స్వయంగా చేసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకునే మనిషి. అయినా అందులో లెక్కలేనన్ని చిన్న ప్రాణులు కదులుతూ కనబడ్డాయి. ఒక దేశంలో ఉన్న జనం కంటే తన నోట్లో ఉన్న ప్రాణులే ఎక్కువని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. జన్మలో నోరు కడగని ఒక ముసలాయన పాచి కూడా చూశాడు. అందులో ఇంకా ఎక్కువ ఉన్నాయి. అంటే పంటి మీది పాచి కూడా చెరువు పాచిలాగే బతికి ఉన్నదే.

రెండో మాట గార. గార అంటే సున్నపు పూత. పాచిని తీయకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం అందులో చేరి రాయిలా గట్టిపడుతుంది. దాన్నే పళ్ళకు గార పట్టింది అంటాం. నేను చదువుకున్నది తమిళ మీడియంలో. అక్కడా దీన్ని పర్కారై అంటారు. కారై అంటే సున్నపు పూతే. పాచి మెత్తగా ఉన్నప్పుడు ఇంట్లో మనమే తీసుకోగలం. గార అయ్యాక బ్రష్‌కు లొంగదు, డాక్టరు పనిముట్టు కావాలి. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం అయోమయం పోతుంది.

పుల్లల కాలం

మనవాళ్ళ మొదటి బ్రష్ చెట్టు మీదే ఉండేది. వేపపుల్ల, కానుగ పుల్ల, తుమ్మ పుల్ల, ఉత్తరేణి వేరు. తమిళంలో ఒక సామెత ఉంది: మర్రి, తుమ్మ పంటికి బలం అని. మన ఒడిశాలో సాల చెట్టు పుల్లలు ఎక్కువ. దాంతకాఠి అంటారు. అడవి పక్క ఊళ్ళ ఆడవాళ్ళు వాటిని కట్టలు కట్టి సంతకూ స్టేషన్‌కూ తెచ్చి అమ్మేవారు. తెల్లవారుజామున బండి ఆగగానే ప్లాట్‌ఫారం కుళాయిల దగ్గర నోట్లో పుల్ల పెట్టుకుని జనం వరసగా నిలబడిన దృశ్యం మాలాంటి రైల్వేవాళ్ళెవరూ మరిచిపోరు.

చరకసంహితలో దంతధావనం గురించి చెప్పినచోట రెండు సంగతులు నన్ను ఆపేశాయి. ఒకటి, రోజుకు రెండు పూటలా తోమమన్నాడు. పడుకునే ముందు బ్రష్ చేయడం ఇంగ్లీషువాళ్ళు నేర్పిన అలవాటని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. రెండోది, పుల్ల కొనను నలిపి మెత్తగా చేసుకుని, చిగుళ్ళు నొప్పి పడకుండా తోమమన్నాడు. పంటి చుట్టూ ఉన్న మాంసాన్ని బాధించవద్దని అంత పాత గ్రంథమే హెచ్చరించింది. అంటే చిగుళ్ళు గాయపడటం ఆనాడూ ఉన్నదే. దానికి వాళ్ళు చెప్పిన మందు తోమడం మానేయమని కాదు, మెత్తగా తోమమని.

ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్ కూడా ఇక్కడి భిక్షువులు పొద్దున్నే పుల్ల నమిలి పళ్ళు శుభ్రం చేసుకోవడం గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు. బయటివాడి కంటికి అది అంత కొత్తగా కనిపించింది.

మన ఇళ్ళలో ఇంకో ఆచారం ఉండేది. అమావాస్య, పాడ్యమి లాంటి కొన్ని తిథుల్లో పుల్ల వాడకూడదు, దానికి బదులు పన్నెండు పుక్కిళ్ళు నీళ్ళు పోసుకోవాలి అని. కొందరు పెద్దవాళ్ళు ఇవాళ్టికీ దీన్ని పట్టుకుని ఆ రోజుల్లో బ్రష్ ముట్టరు. ఆ నియమం చెట్టు పుల్లకు చెప్పింది. నోరు కడగవద్దని శాస్త్రం ఏ రోజూ చెప్పలేదు, అందుకే బదులు కూడా చెప్పింది.

బొగ్గు, కచ్చిక, పళ్ళపొడి

పుల్ల దొరకనిచోట పొయ్యిలోంచి బొగ్గు, పిడక కాల్చిన కచ్చిక, ఉప్పు, కొందరికి ఇటుక పొడి. చూపుడు వేలితో గట్టిగా రుద్దితే పళ్ళు తళతళమనేవి. తళతళకు మనం ఇచ్చిన ధర ఏమిటంటే పంటి మొదట్లో అరుగుదల. ఇప్పుడు చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటోందని చెప్పే పెద్దవాళ్ళలో చాలామంది నలభై ఏళ్ళు ఇటుకపొడి, బొగ్గు రుద్దినవాళ్ళే.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకని మనకు సరుకు రెండు వైపుల నుంచీ వచ్చేది. దక్షిణం నుంచి పళ్ళపొడులు. మైసూరు పక్కన నంజనగూడులో 1913లో మొదలైన సద్వైద్యశాల వాళ్ళ పళ్ళపొడి పాత తరానికి బాగా తెలుసు. మదురై నుంచి గోపాల్ పళ్ళపొడి. దాని ప్రకటన సిలోన్ రేడియోలో వింటూ పెరిగిన నేను చివరకు గోపాల్‌పూర్‌లో స్థిరపడటం దేవుడి హాస్యం. ఉత్తరం నుంచి కలకత్తా సరుకు. 1916లో పెట్టిన కలకత్తా కెమికల్ కంపెనీ వాళ్ళు మన వేపనే ట్యూబులో పెట్టి నీమ్ టూత్‌పేస్టుగా అమ్మారు. 1937లో కోల్గేట్ దేశంలో అడుగుపెట్టింది. 1952 నుంచి రేడియోలో బినాకా గీత్‌మాలా. పాటల కోసం వింటే పేస్టు పేరు నోట్లో నానేది.

1937లోనే ఇంకొకటి జరిగింది. అప్పటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో జనం పళ్ళ మీది గోధుమరంగు మచ్చలకూ, వంగిపోయే ఎముకలకూ కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడ్ అని మద్రాసు ప్రెసిడెన్సీ పరిశోధకులు గుర్తించారు. తర్వాత నల్గొండ పేరు దానికి ముడిపడిపోయింది. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఆ మచ్చలు పాచి కాదు, గార కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడ్డవి. ఎంత తోమినా పోవు. ఆ ప్రాంతాల నుంచి వచ్చి మనలో కలిసినవాళ్ళు కొందరు సిగ్గుతో పళ్ళు అరగదీసుకోవడం చూశాను. మచ్చ ఉంటే మురికి ఉన్నట్టు కాదు. దానికోసం చిగుళ్ళను శిక్షించకండి.

బ్రష్ మీద అనుమానం

బ్రష్ అంటే మన తాతల కాలంలో అనుమానం ఉండేది. దానికి న్యాయమైన కారణమే ఉంది. 1780 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో విలియం ఆడిస్ బ్రష్‌లు తయారు చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. పిడి ఎముకతో, కుచ్చు జంతువుల వెంట్రుకలతో. తర్వాతి కాలంలో పంది వెంట్రుకలే ఎక్కువగా వాడారు. ఎంగిలి పట్టింపు ఉన్న మన ఇళ్ళలో పంది వెంట్రుకను నోట్లో ఎవరు పెట్టుకుంటారు? ఇరుగుపొరుగు ముస్లిం ఇళ్ళలోనూ అదే అభ్యంతరం. పైగా నిన్న వాడినదాన్ని ఇవాళ మళ్ళీ నోట్లో పెట్టుకోవడమే ఎంగిలి. పుల్ల అయితే రోజుకొకటి, నాలిక గీసుకుని పారేయవచ్చు.

1938లో అమెరికాలో నైలాన్ కుచ్చు బ్రష్ వచ్చాక ఆ అభ్యంతరం తీరింది. కానీ మొదటి నైలాన్ చాలా బిరుసు. మన దుకాణాల్లోనూ ఎక్కువకాలం గట్టి బ్రష్ అంటేనే మంచి బ్రష్ అని అమ్మారు. బొగ్గు రుద్దిన చేతి బలంతోనే దాన్ని అడ్డంగా రంపంలా లాగాం. రక్తం వచ్చింది. "చూశావా, పుల్లతో రాని రక్తం బ్రష్‌తో వచ్చింది" అన్నారు. రక్తానికీ బ్రష్‌కూ మొదటి ముడి అక్కడ పడిందని నా ఊహ.

పన్ను పీకుడు భయం

రెండో ముడి పన్ను పీకేవాళ్ళతో పడింది. మన దేశంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో ప్రారంభించారు. దంతవైద్యుల చట్టం వచ్చింది 1948లో. మద్రాసులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1953లో, హైదరాబాద్‌లో 1959లో. అంతకుముందు మామూలు జనానికి పంటి వైద్యం అంటే సంతలో పట్టకారుతో పీకేవాడే. మత్తు లేదు, శుభ్రం లేదు. నోట్లో ఎవరైనా చెయ్యి పెడితే పన్ను పోతుందనే భయం అలా మిగిలిపోయింది.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఇప్పటికీ అంటారు. పంటికీ కంటికీ నరాలు వేరు. పన్ను తీయడం వల్ల చూపు పోదు. నలభై దాటాక పన్ను పోయేదీ అప్పుడే, చూపు మందగించేదీ అప్పుడే. రెండూ ఒకే వయసులో రావడంతో ఒకదాని నేరం ఇంకోదాని మీద పడింది.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్నది ఇంకో మాట. ఇది పూర్తిగా కల్పన కాదు. అలా అనిపించే మాట నిజం. ఏళ్ళ తరబడి గార చిగురు కిందకు దిగి, పంటిని పట్టుకున్న ఎముకను కరిగిస్తుంది. వదులైన పళ్ళను ఆ గారే ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. తీసేయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. పాత గోడ మీద సున్నం ఊడ్చాక పగులు కనిపించినట్టు. పగులు చేసింది చీపురు కాదు.

గుడాఖు, అడ్డపొగ

ఇది మన తీరానికి సంబంధించిన భాగం, కొంచెం ఓపిగ్గా చదవండి.

నొప్పికీ రక్తానికీ భయపడినవాళ్ళు ఒడిశాలో పట్టుకున్నది గుడాఖును. పొగాకు, బెల్లం మడ్డి కలిపిన నల్లటి ముద్ద. చిన్న డబ్బాలో దొరుకుతుంది. "పంటి నొప్పికి మంచిది" అని మొదలుపెట్టి, రోజుకు నాలుగైదుసార్లు రుద్దకపోతే కాలుచెయ్యి ఆడని స్థితికి వస్తారు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అయినా డబ్బా కొట్టులో కనబడుతూనే ఉంది.

ఇటు శ్రీకాకుళం నుంచి మన గోపాల్‌పూర్ నోలియా పేటల దాకా ఆడవాళ్ళలో ఉన్న ఇంకో అలవాటు అడ్డపొగ. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టి పీల్చడం. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి మెహతా, వాళ్ళ సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళు. అంగిట్లో తెల్లటి మచ్చలు, పుళ్ళు, కొందరికి క్యాన్సరు. మన ఊళ్ళ పేదరాళ్ళ నోళ్ళు ప్రపంచ వైద్యపత్రికలకు ఎక్కింది ఇలా.

తోమడానికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? పొగాకు చిగుళ్ళలోని రక్తనాళాలను బిగిస్తుంది. అందువల్ల లోపల రోగం ముదురుతున్నా రక్తం పైకి కనబడదు. "గుడాఖు రుద్దాక రక్తం ఆగింది" అని సంతోషిస్తారు. ఆగింది రక్తం, రోగం కాదు. ఇంకో చిక్కు: ఎవరైనా బుద్ధి తెచ్చుకుని పొగాకు మానేస్తే, కొన్నాళ్ళు చిగుళ్ళలోంచి రక్తం ఎక్కువగా రావచ్చు. అప్పుడు భయపడి మళ్ళీ డబ్బా తీస్తారు. అది చిగుళ్ళకు రక్తప్రసారం తిరిగి వస్తున్న గుర్తు. ఆ కొద్దిరోజులు ఇంట్లోవాళ్ళు పక్కనుండి ధైర్యం చెప్పాలి. ఇది మన కోడళ్ళు, కొడుకులు తెలుసుకోవలసిన సంగతి.

భయం తీర్చిన రెండు పరీక్షలు

1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు ఒక చిన్న పరీక్ష చేశారు. ఆరోగ్యమైన చిగుళ్ళు ఉన్న 12 మందిని పళ్ళు తోమడం పూర్తిగా మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో పన్నెండు మందికీ చిగుళ్ళు ఎర్రబడి వాచాయి. అప్పుడు మళ్ళీ తోమమన్నారు. వారం, పది రోజుల్లో చిగుళ్ళు మామూలయ్యాయి. మందు లేదు, ఇంజెక్షను లేదు. రక్తం రావడానికి కారణం బ్రష్ కాదు, పాచి అని ఇంత సూటిగా తేల్చిన పరీక్ష అంతకుముందు లేదు. చరకుడు చెప్పిన "చిగుళ్ళు బాధపడకుండా, రెండు పూటలా" అన్నదానికి ఇది రుజువు అనుకోవచ్చు.

అదే లో శ్రీలంక తేయాకు తోటలకు వెళ్ళాడు. అక్కడి కూలీలు తమిళులు. బ్రష్ ఎరుగరు, దంతవైద్యుణ్ణి ఎరుగరు. 480 మంది మగవాళ్ళను 1970 నుంచి 15 ఏళ్ళు గమనించారు. ఫలితం 1986లో వచ్చింది. నూటికి 8 మందికి చిగుళ్ళ రోగం వేగంగా ముదిరింది, 81 మందికి మెల్లగా ముదిరింది, 11 మందికి చిగుళ్ళ వాపు దాటి ముందుకు పోలేదు.

ఈ 11 మంది లెక్క నాకు పాత చిక్కు విప్పింది. ప్రతి ఇంట్లో ఒక తాతగారి కథ ఉంటుంది, బ్రష్ మొహం చూడకుండా ఎనభై ఏళ్ళకు చెరుకుగడ నమిలాడని. కథ నిజమే కావచ్చు. కానీ ఆ తాత ఆ పదకొండు మందిలో ఒకడు. మిగతా ఎనభై తొమ్మిది మంది తాతల కథ ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్ళు చెరుకు నమలలేదు కాబట్టి.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి

రైలు పట్టా మీద రోజూ ఒక మనిషి సుత్తి పట్టుకుని నడిచేవాడు. వదులైన తాళాన్ని ఒక దెబ్బతో బిగించేవాడు. ఆ నడక మానేస్తే తర్వాత పెద్ద గ్యాంగే దిగాలి. చిగుళ్ళ పని కూడా అంతే, రోజువారీ పని. డాక్టర్లు చెప్పేది నా మాటల్లో రాస్తున్నాను.

1. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ కొనండి. డబ్బా మీద సాఫ్ట్ అని రాసి ఉండాలి. కుచ్చు విచ్చుకుపోతే మార్చేయండి, సాధారణంగా మూడు నెలలకు.

2. మొదటి రోజులు భయంగా ఉంటే అద్దం ముందు కూర్చుని చేయండి. పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి, పిడికిలితో కాదు. పిడికిలి పడితే బలం తెలియకుండా వచ్చేస్తుంది.

3. పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర బ్రష్‌ను కొంచెం ఏటవాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నగా ఆడించండి. 1940లలో అమెరికాలో చార్లెస్ బాస్ అనే డాక్టరు చెప్పిన పద్ధతి ఇది. పాచి దాక్కునేది ఆ గీతలోనే. రంపంలా అడ్డంగా లాగవద్దు.

4. రెండు పూటలా, రెండేసి నిమిషాలు. రాత్రి పడుకునేముందు తప్పనిసరి. ఆ తర్వాత మంచినీళ్ళే.

5. రక్తం కనబడితే ఆపకండి. ఆ చోటును ఇంకా మెత్తగా, కానీ ఇంకా శ్రద్ధగా తోమండి. మామూలు చిగుళ్ళ వాపు అయితే వారం రెండు వారాల్లో తగ్గడం మీకే కనిపిస్తుంది. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి, ఏ రోజు వచ్చింది, ఏ రోజు రాలేదు అని. భయానికి లెక్క మంచి మందు.

6. పుల్లే అలవాటైతే మానక్కరలేదు. కొన బాగా నమిలి కుంచెలా చేసుకుని, చిగురు నుంచి పంటి కొసవైపు తీయండి. బొగ్గు, ఇటుకపొడి, గుడాఖు మాత్రం వద్దు.

7. కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు రాత్రి తీసి కడిగి నీళ్ళలో పెట్టండి. కింద చిగుళ్ళను కూడా మెత్తగా తుడవండి.

రెండు వారాలు సరిగ్గా తోమినా రక్తం తగ్గకపోయినా, పన్ను కదులుతున్నా, చీము వస్తున్నా దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళండి. బరంపురం పెద్దాసుపత్రి మనకు గంట దూరం కూడా లేదు. సుగరు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ రోగం త్వరగా ముదురుతుంది, చిగుళ్ళు చెడితే సుగరూ లొంగదు. అందుకని వాళ్ళు వాయిదా వేయకూడదు. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా మాత్ర ఆపకూడదు. పొగాకు అలవాటు ఉన్నవాళ్ళ నోట్లో తెల్లటి మచ్చగానీ, ఎర్రటి మచ్చగానీ, రెండు వారాలకు మానని పుండుగానీ ఉంటే నొప్పి లేకపోయినా చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగినవాళ్ళనే ఎక్కువగా పోగొట్టుకున్నాం.

ఒక్క విన్నపం. మన ఇళ్ళలో అమ్మలూ అత్తలూ పన్ను గురించి నోరు విప్పరు. అందరూ తిన్నాక తినడం, మెత్తటిదేదో చూసుకుని తినడం వాళ్ళకు అలవాటు. "ఏం తింటున్నావమ్మా, ఏది మానేశావు" అని ఈ వారం ఒకసారి అడగండి. చిగుళ్ళ సంగతి ఆ జవాబులోనే తెలుస్తుంది. ఒక మెత్తటి బ్రష్ తెచ్చి చేతికివ్వండి. మొదటి నాలుగు రోజులు పక్కన నిలబడండి.